చదువుకొని వచ్చిన ప్రేమ: డాక్టర్ మేరీ గ్లౌరీ

నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. తమ బిడ్డ డాక్టరు కావాలని మరియతల్లిని వేడుకునే తల్లిదండ్రులు నంద్యాల, ఆళ్లగడ్డ విచారణలలోనూ ఉన్నారు. అటువంటి కుటుంబాలవారు తెలుసుకోదగిన జీవితం ఒకటి మన తెలుగు నేలమీదనే గడిచింది.

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియా దేశపు విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే చిన్న ఊరిలో జన్మించారు. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో, 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. ఆ నగరంలోనే మంచి ప్రాక్టీసు, పేరు సంపాదించుకున్నారు.

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు వైద్యురాలిని గురించినది. భారతదేశంలో ఘోషా ఆచారం వల్ల పురుష వైద్యుని ఎదుటికి రాలేక ఎందరో తల్లులు కాన్పు కష్టాలతో మరణిస్తున్నారనీ, పసిబిడ్డలు రాలిపోతున్నారనీ మేరీ అందులో తెలుసుకున్నారు. దేవుని పిలుపు తనకు ఇదేనని మోకరించి అంగీకరించారు.

అయితే ఆమె ఉన్నపళంగా బయలుదేరలేదు. ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ సంవత్సరాలను తిరిగి చదువుకే వినియోగించారు. ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, కంటి జబ్బులు ప్రధానంగా అధ్యయనం చేసి 1919లో ఎం.డి. పట్టా పొందారు. మన పేద తల్లులకు ఏది అవసరమో దానినే నేర్చుకొని వచ్చారన్నమాట. జాలి ఒక్కటే రోగం నయం చేయదు. జ్ఞానం తోడైతేనే ప్రేమ సేవగా మారుతుంది.

1920 ఫిబ్రవరిలో ఆమె గుంటూరు చేరి, యేసు మరియ జోజప్పల సభలో ప్రవేశించి, తిరుహృదయ మరియమ్మగా పేరు పొందారు. మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి తిరుసభ నియమాలు అప్పట్లో అనుమతించేవి కావు. జగద్గురువులు 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేక అనుమతి నిచ్చారు. ఆ ఆటంకం అందరికీ తొలగినది 1936లోనే.

గుంటూరులో చిన్న వైద్యశాలగా ఉన్న సేవ ఆమె చేతులమీదుగా పునీత జోజప్పగారి ఆసుపత్రిగా ఎదిగింది. రోగులు వేలాదిగా వచ్చేవారు. ఒక్క డాక్టరు ఎందరిని చూడగలదు? అందుకే స్థానిక యువతులకు మంత్రసానులుగా, నర్సులుగా, కాంపౌండర్లుగా శిక్షణ నిచ్చారు. 1943లో కతోలిక ఆసుపత్రులను ఒక సంఘంగా కూర్చారు. ఆ సంఘపు కేంద్రం నేడు సికింద్రాబాదులో ఉన్నది. భారతదేశంలో ఒక కతోలిక వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె చిరకాల వాంఛ. 1957 మే 5న బెంగళూరులో ఆమె కన్నుమూశారు. ఆరేళ్లకు, 1963లో, ఆ నగరంలోనే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలసింది.

ప్రియ విద్యార్థులారా, ఈ జీవితం మీకేమి చెబుతున్నది? పల్లె వైద్యానికి తక్కువ చదువు చాలునని అనుకోవద్దు. పత్తిచేలలో మందు కొట్టే కూలీలకు వచ్చే జబ్బులేవి? నల్లమల గూడేలలో గర్భిణులకు రక్తం ఎందుకు తక్కువగా ఉంటున్నది? పెద్ద నగరాల పుస్తకాలలో వీటికి పూర్తి జవాబు దొరకదు. ఇంటింటికీ తిరిగి, రోగిని అడిగి, ఒప్పుకున్నవారి వివరాలనే వ్రాసుకొని, లెక్కగట్టి చూసినవారికే అది తెలుస్తుంది. ఈ పరిశోధన నేర్పడానికే భారత వైద్య పరిశోధనా మండలి 1979లో వైద్య విద్యార్థులకు స్వల్పకాలిక ఉపకారవేతన పథకం ప్రారంభించింది. ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో సుమారు రెండు నెలలు చిన్న పరిశోధన చేసి నివేదిక సమర్పించాలి. పల్లెల్లో పనిచేయదలచిన విద్యార్థికి ఇది మంచి తొలిమెట్టు.

పరిశోధన విశ్వాసానికి విరుద్ధం కాదు. పునీత పట్టం విషయంలో తిరుసభ సైతం స్వస్థతను వైద్యులచేత పరీక్షింపజేయనిదే అద్భుతమని అంగీకరించదు. 2013లో దైవసేవకురాలిగా ప్రకటింపబడిన ఈ తల్లి విషయంలోనూ నియమం అదే.

తల్లిదండ్రులారా, బిడ్డ డాక్టరు కావాలని ప్రార్థించేటప్పుడు, ఎవరి కొరకు డాక్టరు కావాలో కూడ దేవుని అడగండి. గుంటూరు పేదలకు ఒక డాక్టరును దయచేసిన ప్రభువు, మన పల్లెలకూ అటువంటివారిని దయచేయునుగాక.