వెల్లకిల ఈతలో రెండుమారులు గెలిచిన వారెన్ కెయలోహా

జనగామ ప్రాంతపు వ్యవసాయ బావులను, మహబూబాబాదు ప్రాంతమందలి బయ్యారము చెరువును, భూపాలపల్లి వైపున ఘనపురమందలి గణపసముద్రమును ఎరిగిన బాలురకు ఈత క్రొత్త విద్య కాదు. మన పల్లెలలో పిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని, పెద్దలు గట్టున నిలిచి చూచుచుండగా నీటిలోనికి దిగుదురు. మొదట బోర్ల ఈత నేర్తురు. చేతులు అలసినప్పుడు వెల్లకిల తిరిగి, ఆకాశమును చూచుచు నీటిపై తేలియుందురు. కావున వెల్లకిల ఈత యన్నచో మనకు అది అలసట తీర్చుకొను ఉపాయముగనే తోచును. ఆ ఈతనే అతివేగముగ ఈది, 17 ఏండ్ల ప్రాయమున లోకమున ప్రథముడై, తిరిగి 21వ యేట ఆ స్థానమునే నిలుపుకొనిన వారెన్ కెయలోహా చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మేలు.

ఈ పందెమునందలి కష్టమును ముందుగా గ్రహింపవలెను. ఇతర ఈతలలో ఈతగాడు గట్టు మీదినుండి దుముకును. వెల్లకిల ఈతలోనో, నీటిలోనే యుండి, గట్టును పట్టుకొని, పాదములతో గోడను తన్ని బయలుదేరవలెను. చేతులు ఒకదాని తరువాత నొకటి యంత్రచక్రమువలె తిరుగుచుండవలెను. 1912వ సంవత్సరమున స్టాక్‌హోమ్ నగరమున హ్యారీ హెబ్నర్ అను అమెరికా దేశీయుడు ఇట్లు చేతులను మార్చి మార్చి త్రిప్పి జయించెను. అంతకుముందు పలువురు రెండు చేతులను ఒక్కసారిగ త్రిప్పుచుండిరి. వెల్లకిల ఈదువాడు తన వెనుకబడిన వారిని కొంతవరకు చూడగలడు గాని, తనకంటె ముందున్న వారిని గాని, చేరవలసిన గట్టును గాని చూడజాలడు. నేడు గట్టునకు 5 మీటర్ల దూరమున చిన్న జెండాలను తోరణముగ కట్టుదురు. వానిని చూచి, బారలు లెక్కించుకొని, ఈతగాడు గట్టును చేరును.

కెయలోహా 1903వ సంవత్సరము మార్చి 3వ తేదీన హవాయి ద్వీపములలోని హోనోలూలు పట్టణమున జన్మించెను. ఆ ద్వీపములు పసిఫిక్ మహాసముద్రపు నడుమ నున్నవి. అమెరికా తీరమందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరము అచ్చటికి సుమారు 2,400 మైళ్ల దూరము. పూర్వము అది స్వతంత్ర రాజ్యము. 1898లో అమెరికా సంయుక్త రాష్ట్రములు దానిని తమలో కలుపుకొనెను. 1959లో అది వారి రాష్ట్రములలో నొకటి యయ్యెను. చుట్టును సముద్రమే గనుక ఆ ద్వీపవాసులకు ఈత నడకవంటిది. వారిలో డ్యూక్ కహనమోకు అను వీరుడు 1912 ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల స్వేచ్ఛా ఈతను గెలిచి వచ్చినప్పుడు కెయలోహా తొమ్మిదేండ్ల బాలుడు.

1916లో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలు మొదటి ప్రపంచ యుద్ధము వలన జరుగలేదు. 1920లో, యుద్ధముచే నలిగిపోయిన బెల్జియము దేశమున, ఆంట్‌వర్ప్ నగరమున అవి మరల ప్రారంభమయ్యెను. భారతదేశపు చిన్న జట్టు సర్ దొరాబ్జీ టాటా ప్రోత్సాహమున ఒలింపిక్ క్రీడలకు బయలుదేరినదియు ఆ సంవత్సరముననే. హవాయి యువకులు ఒక సముద్రమును దాటి, అమెరికా ఖండమును అడ్డముగ దాటి, మరియొక సముద్రమును దాటి పోవలసియుండెను. అమెరికా క్రీడాకారులలో పెక్కురు ఎక్కిన ప్రిన్సెస్ మటోయికా అను ఓడ యుద్ధకాలమున సైనికులను మోసినది. అందలి ఇరుకు వసతులకు వారు మిక్కిలి అసంతృప్తి చెందిరి. ఈతగాండ్రు అభ్యాసము తప్పకుండుటకై ఓడపై గట్టి గుడ్డతో తొట్టి నమర్చి, అందు సముద్రపు నీరు నింపిరి.

ఆంట్‌వర్ప్ కొలను ఆరుబయట నుండెను. నీరు చల్లనిది, నల్లనిది. వెచ్చని సముద్రమున పెరిగిన బాలునికి అది ఎంతటి పరీక్షయో ఊహింపవచ్చును. అయినను 1920 ఆగస్టు 22వ తేదీన జరిగిన తొలి పందెములలోనే కెయలోహా 100 మీటర్లను 1 నిమిషము 14.8 సెకండ్లలో ఈది, 1912 నుండి జర్మనీ దేశీయుడు ఒట్టో ఫార్ పేరనున్న 1 నిమిషము 15.6 సెకండ్ల ప్రపంచ రికార్డును దాటెను. అంతిమ పందెమున 1 నిమిషము 15.2 సెకండ్లలో గట్టును చేరి బంగారు పతకము నందెను. అమెరికావాడైన రే కెగెరిస్ రెండవవాడు. ఆతిథ్యమిచ్చిన బెల్జియము దేశపు జెరార్ బ్లిట్జ్ మూడవవాడు. ఆ క్రీడలలోనే 100 మీటర్ల స్వేచ్ఛా ఈతలో కహనమోకు, పువా కెయలోహా, విలియమ్ హారిస్ అను హవాయి యువకులు వరుసగ మూడు స్థానములను గైకొనిరి.

పదునేడేండ్ల బాలుడు లోకమున ప్రథముడై ఇల్లు చేరెను. ఇక అతనికి కావలసినదేమి? వెనుకబడిన వారిని చూచి సంతోషించుచు కాలము గడపవచ్చును. పెక్కుమంది ప్రతిభావంతులు చెడునది ఇచ్చటనే. కెయలోహా మాత్రము అట్లు చేయలేదు. 1922 అక్టోబరులో హోనోలూలునందు 1 నిమిషము 12.6 సెకండ్లలోను, 1924 ఏప్రిలులో అచ్చటనే 1 నిమిషము 12.4 సెకండ్లలోను ఈదెను. పద్దెనిమిది నెలల కృషికి ఫలితము సెకండులో ఐదవ వంతు! అంత స్వల్పమైన లాభమునకై అతడు నీటిలో ఎన్ని ప్రొద్దులు గడపెనో!

1924 జులైలో ప్యారిస్ నగరమున 50 మీటర్ల క్రొత్త కొలనులో మరల క్రీడలు జరిగెను. అచ్చట 100 మీటర్ల స్వేచ్ఛా ఈతలో అంతకుముందు రెండుమారులు గెలిచిన కహనమోకు సైతము జానీ వైస్‌ముల్లర్ అను యువకునికి లోబడి రెండవవాడయ్యెను. బిరుదు గలవానికి ఓటమి ఎంత చేరువనుండునో దీనివలన తెలియుచున్నది. కెయలోహా తన పందెమున 1 నిమిషము 13.2 సెకండ్లలో గట్టును తాకెను. పాల్ వయాట్ అతనికి 2.2 సెకండ్లు వెనుకబడెను. హంగరీ దేశీయుడు కారోయ్ బార్తా మూడవవాడయ్యెను. ఆంట్‌వర్ప్ అంతిమ పందెము కంటె సరిగా రెండు సెకండ్లు తక్కువ! ఒలింపిక్ వెల్లకిల ఈతను రెండుమారులు జయించిన మొదటివాడు ఇతడే. 1960లో ఆస్ట్రేలియా దేశీయుడు డేవిడ్ థీల్ గెలుచువరకు, అనగా 36 ఏండ్లు, పురుషుల 100 మీటర్ల వెల్లకిల ఈతలో మరెవ్వరును ఈ ఘనతను పొందలేదు.

1926లో అతడు కడపటిమారు తన రికార్డును 1 నిమిషము 11.4 సెకండ్లకు దింపెను. అదే సంవత్సరమున వాల్టర్ లాఫర్ దానిని దాటెను. 1928లో జార్జ్ కోజాక్ వానినిగూడ దాటెను. 2022లో బుడాపెస్టు నగరమున జరిగిన ప్రపంచ ఈత పోటీలలో ఇటలీ యువకుడు థామస్ చెక్కోన్ ఇదే దూరమును 51.60 సెకండ్లలో ఈదెను. రికార్డు ఎవ్వరిచేతను శాశ్వతముగ నిలువదు. కెయలోహా ఆ తరువాత హవాయి ద్వీపములలో పశువుల పెంపకము జీవనోపాధిగ గైకొని గౌరవముగ బ్రతికెను. 1968లో అంతర్జాతీయ ఈత కీర్తిమందిరము అతని పేరును తన వీరుల పట్టికలో చేర్చెను. 1972 సెప్టెంబరు 8వ తేదీన, 69వ యేట, అతడు మరణించెను.

ప్రియ విద్యార్థులారా! ఒక పరీక్షలో ప్రథములైన వారు మీలో గలరు. మరుసటి యేట ఆ స్థానమును నిలుపుకొనుట మొదటిమారు పొందుటకంటె కష్టమని మీరును మీ ఉపాధ్యాయులును ఎరుగుదురు. వెనుకబడిన సహపాఠులు మీ కన్నుల ఎదుటనే యుందురు; చేరవలసిన గట్టు మాత్రము కనబడదు. కెయలోహావలె బార వెంట బార లెక్కించుకొనుచు సాగువానికే ఆ గట్టు చేతికందును.

తలిదండ్రులకు ఒక్క మనవి. మన బావులును చెరువులును లోతైనవి. యేటేట పసిప్రాణములను హరించుచున్నవి. పిల్లలను ఒంటరిగ నీటికి పంపకుడు. ఈత తెలిసిన పెద్దల చెంతనుంచి నేర్పింపుడు. ముందుగ వెల్లకిల తేలుట నేర్పింపుడు. అలసినవేళ ముఖమును నీటిపైనుంచి ఊపిరి నిలుపుకొనుటకు అది తోడ్పడును. పతకము దొరకినను దొరకకున్నను, బిడ్డ క్షేమముగ ఇల్లు చేరుటయే ఆ విద్యకు మొదటి ఫలము.