బూట్లు లేని కాళ్లకు బడి పెట్టిన రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పటి కుర్రాళ్లకు తెలిసింది 2024లో వచ్చిన మైదాన్ సినిమాతో. సినిమా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌తో మొదలవుతుంది. అప్పటికి రహీంకు నలభై రెండేళ్లు. అంతకు ముందు ఆయన హైదరాబాద్ బడుల్లో పంతులు. భారత ఫుట్‌బాల్‌కు దక్కిన రెండు ఆసియా క్రీడల స్వర్ణాల వెనుక ఉన్న ఆలోచనంతా ఆ పంతులు ఉద్యోగంలో, పాతబస్తీ చుట్టుపక్కల మట్టి మైదానాల్లో తయారైందే. తెర మీద కనబడని ఆ తొలి కాలం గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయం అది. అక్కడి జట్టుకు ఆడాడు. తర్వాత పాత విద్యార్థులతో కలిసి ఎలెవన్ హంటర్స్ అనే జట్టులో, ఆపైన నగర లీగ్‌లో గట్టి పేరున్న కమర్ క్లబ్‌లో ఆడాడు. బతుకుతెరువు మాత్రం బడి. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లలకు ఆటలు నేర్పే బాధ్యత తీసుకున్నాడు.

రహీం శిక్షకుడైన తీరు ఇక్కడే అర్థమవుతుంది. బడిపంతులుకు పిల్లలను ఏరుకునే వీలుండదు. పొట్టివాడు, బక్కవాడు, అన్నం సరిగ్గా తినకుండా వచ్చినవాడు, ఎవరు వచ్చినా పాఠం చెప్పాల్సిందే. పెద్ద క్లబ్ శిక్షకుడు తయారైన ఆటగాణ్ణి తెచ్చుకుంటాడు. పంతులు మాత్రం ఉన్నవాణ్ణే తయారు చేసుకోవాలి.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అధ్యక్షుడు ఎస్.ఎం. హాదీ. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కొట్టింది ఈయనే, డేవిస్ కప్ టెన్నిస్ కూడా ఆడాడు. హాదీ అండ దొరకడంతో రహీం చిత్రమైన పోటీలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక టోర్నమెంట్‌లో బంతిని ఎవరూ తన దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, అందగానే ఇచ్చేయాలి. ఇంకో టోర్నమెంట్‌లో బలమైన కాలు పనికిరాదు, అలవాటు లేని కాలితోనే కొట్టాలి. పొట్టివాళ్లకని ఒక టోర్నమెంట్ వేరే. విన్నవాళ్లకు ఇవి సరదా పోటీల్లా అనిపించి ఉంటాయి. నిజానికి అవి పాఠాలు. డ్రిబ్లింగ్ చేస్తూ ముందుకు దూసుకుపోవాలంటే ఒంట్లో బలం కావాలి, ఎదుటివాడు గుద్దితే తట్టుకోవాలి. బక్క పిల్లాడు ఆ దెబ్బకు ముందే బంతి ఇచ్చేసి ఖాళీలోకి పరిగెత్తితే దొరకడు. పేద ఒంటికి అనువైన ఆట ఏదో పంతులు కనిపెట్టాడు. దాన్ని ఉపన్యాసంగా చెప్పకుండా టోర్నమెంట్ నియమంగా పెట్టాడు. పిల్లలు గెలవాలని ఆడుతూ ఆడుతూ నేర్చుకున్నారు.

ఇక్కడ కాసేపు ఇంగ్లండ్ వెళ్లాలి. ఈ ఆట అక్కడినుంచే కంటోన్మెంట్ సైనికుల వెంట మన దగ్గరికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక జబ్బు కూడా తెచ్చింది. డబ్బు తీసుకుని ఆడడాన్ని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1885 దాకా ఒప్పుకోలేదు. ఆట ఆటకోసమే ఆడాలన్నది దొరబిడ్డల సిద్ధాంతం. శనివారం మిల్లు మానేస్తే కూలి పోయేవాడికి ఆ సిద్ధాంతం అంటే ఆట మానెయ్యమనే అర్థం. ఉత్తరాది మిల్లు పట్టణాల క్లబ్బులు తిరగబడితేనే నియమం మారింది. తర్వాత కూడా జీతానికి పరిమితి పెట్టారు. 1901లో వారానికి 4 పౌండ్లు. అలాంటి పరిమితి ఏదో ఒకటి 1961 దాకా ఉండనే ఉంది.

ఆ 4 పౌండ్ల కాలంలోనే వాల్టర్ టల్ అనే నల్ల యువకుడు అక్కడ వృత్తి ఆటగాడయ్యాడు. తాత బార్బడోస్‌లో బానిస, తండ్రి వడ్రంగి. తల్లిదండ్రులు పోయి అనాథాశ్రమంలో పెరిగాడు. 1909లో టాటెన్‌హామ్‌లో చేరాడు. బ్రిస్టల్‌లో ప్రేక్షకులు రంగు పేరుతో బూతులు తిట్టారు. కొద్ది కాలానికి తిట్టినవాళ్లకు ఏమీ కాలేదు గానీ, టల్ మాత్రం మొదటి జట్టు పోగొట్టుకుని రిజర్వుల్లోకి పోయాడు. 1911లో నార్తాంప్టన్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతన్ని తీసుకుని హాఫ్‌బ్యాక్‌గా, అంటే ఇప్పటి మాటలో మిడ్‌ఫీల్డర్‌గా, వందకు పైగా మ్యాచులు ఆడించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారి అయిన టల్ 1918లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. చాప్‌మన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మన దగ్గర ఫుట్‌బాలర్‌కు వృత్తి కాంట్రాక్టు లేదు. ఉన్నదల్లా కొలువు. హైదరాబాద్‌లో ఆ కొలువు ఇచ్చింది పోలీసు శాఖ. సిటీ అఫ్గాన్స్ పేరుతో మొదలైన జట్టే తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ అయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వీళ్లు బెంగళూరు ఆష్ గోల్డ్ కప్‌లో బ్రిటిష్ సైనికుల జట్టును ఓడించారు. ఆ జట్టులో ఆర్సెనల్‌కు ఆడిన డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. క్రికెట్ అభిమానులకు తెలిసిన ఆ కాంప్టనే.

1950లో ఈ పోలీసు జట్టు రహీం చేతికి వచ్చింది. ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకుంటే తప్ప దాని బరువు తెలియదు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. నిజాం సంస్థానంలో చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ లెక్క వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. హైదరాబాద్ ముస్లిం అంటే దేశం అనుమానంగా చూసిన రోజులవి. నౌకర్లు పోయాయి, కుటుంబాలు చెదిరిపోయాయి. సరిగ్గా ఆ సమయంలో నూర్ మహమ్మద్, అజీజ్, లాయిక్, మొయిన్ లాంటి కుర్రాళ్లతో ఒక ముస్లిం పంతులు బొంబాయికి రైలెక్కాడు. రోవర్స్ కప్ గెలుచుకొచ్చాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఆ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసుదే. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా 1950లోనే గెలిచారు. ఈ గెలుపులతో మానిన గాయాలు ఎన్నో చెప్పలేం గానీ, ఆ పేర్లను దేశం చప్పట్లతో పలికిందన్నది మాత్రం చరిత్ర.

పోలీసు కొలువు గురించి మనవాళ్లకు వేరే అనుభవాలు ఉంటాయి. లాఠీ ఎటువైపు తిరుగుతుందో వాడల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా ఈ జట్టు విషయంలో ఆ కొలువు ఒక పేద పిల్లాడి ఇంట్లో నెలనెలా జీతం. పొద్దున పరిగెత్తడానికి తీరిక. రహీం దాన్ని అలాగే వాడుకున్నాడు.

జట్టు కూడా ఒక్క మతానిది కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టూ స్థిరపడిన తమిళ కుటుంబాల పిల్లలను రహీం వెతికి పట్టుకున్నాడు. తులసీదాస్ బలరాం కథ అలాంటిదే. అమ్ముగూడలో పేద తమిళ కుటుంబం. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని దగ్గర ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడు. ఆ కుట్టిన చేతుల పేరు ఏ క్రీడా చరిత్రలోనూ ఉండదు. తోలు పని చేసేవాళ్ల ఇంట పుట్టిన క్రికెటర్ పల్వంకర్ బాలూకు పూనా క్లబ్బులో టీ విడిగా ఇచ్చిన దేశం మనది. తోలు బంతితో ఆడతాం, తోలు బూటు తొడుక్కుంటాం, తోలు పని చేసినవాణ్ణి మాత్రం గడప అవతల నిలబెడతాం.

బలరాం ఆట చూసిన రహీం సంతోష్ ట్రోఫీ ఎంపికకు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి నగరంలోకి రోజూ రావడానికి డబ్బులు లేవని కుర్రాడు చెప్పేశాడు. రహీం సైకిల్ కిరాయికి తన జేబులోంచి ఇచ్చాడు. 1956, 1957లో వరసగా హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. సైకిల్ కిరాయి లేని బలరాం 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. ప్రతిభ దొరకడం లేదని సంఘాల పెద్దలు వాపోయినప్పుడల్లా ఈ సైకిల్ గుర్తుకు రావాలి. దారి ఖర్చు లేక ఇంట్లోనే ఆగిపోయిన బలరాంలు ఎందరో లెక్కే లేదు.

భారత జట్టు కోచ్‌గా రహీం ప్రయాణం చాలామందికి తెలిసిందే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు, చలికి బిగుసుకుపోయారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం మార్చింది మాత్రం బూట్లతో ఆగలేదు. అప్పటి ఇంగ్లండ్ పద్ధతి ఆ హెర్బర్ట్ చాప్‌మన్ ఆర్సెనల్‌లో స్థిరపరిచినది. వెనక ముగ్గురు డిఫెండర్లు, ముందు సెంటర్ ఫార్వర్డ్, అతన్ని అంటిపెట్టుకుని ఎదుటి జట్టు సెంటర్ హాఫ్. 1953 నవంబర్‌లో హంగేరీ వెంబ్లీలోనే ఇంగ్లండ్‌ను 6-3తో కొట్టింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిదేగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి జారి మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. కాపలా ఉండాల్సినవాడికి ఎవరిని పట్టుకోవాలో అర్థం కాలేదు. ఈ ఎత్తు రహీంకు కొత్తగా అనిపించి ఉండదు. బంతి ఇచ్చేసి చోటు మారడం కాచిగూడ పిల్లలకు ఆయన చెప్పిన పాఠమే. మెల్‌బోర్న్‌లో కెప్టెన్ సమర్ బెనర్జీని అలాగే వెనక నుంచి ఆడించాడు. క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. 4-1తో ఓడాం గానీ మొదటి గోల్ మనదే. చివరికి నాలుగో స్థానం. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకు మించి ఎక్కింది లేదు.

1962 జకార్తా నాటికి రహీం ఊపిరితిత్తులను క్యాన్సర్ తింటోంది. సిగరెట్ వదిలింది లేదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న వివాదంలో భారతీయ అధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు ఊరంతా మన జట్టు మీద మండిపడుతోంది. ఫైనల్లో మళ్లీ కొరియానే. స్టేడియంలో లక్ష మంది, ఇంచుమించు అందరూ మనకు వ్యతిరేకులు. మన వైపు అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది. ముందు రాత్రి రహీం ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక బహుమతి కావాలని అడిగాడు. స్వర్ణ పతకం. జ్వరం నుంచి తేరుకుంటున్న తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టాడు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. మిడ్‌ఫీల్డ్‌లో పరిగెత్తడానికి హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం చనిపోయాడు. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు.

పద్మ పురస్కారం ఏదీ ఆయన పేరున రాలేదు. బలరాంకు 1962లో అర్జున ఇచ్చారు. ఆయన కూడా పద్మశ్రీ చూడకుండానే 2023 ఫిబ్రవరిలో పోయాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత అది తెలుగు నేల మీదికి రాలేదు. చాంద్రాయణగుట్ట నుంచి పహాడీ షరీఫ్ గుట్టకు పోయే దారిలో బార్కస్ ఉంది. నిజాం కాలపు అరబ్ సిపాయిల బ్యారక్‌లే బార్కస్ అయ్యాయి. అక్కడ ఫుట్‌బాల్ ఇంకా బతికే ఉంది. ఆ దారే ముందుకు సాగి శంషాబాద్ విమానాశ్రయం వైపు తిరుగుతుంది. విమానాశ్రయానికి రోడ్లు వేసినంత వేగంగా ఈ బస్తీల బడులకు ఆటస్థలాలు రాలేదు. రహీం లాంటి పంతులు ఇప్పుడొచ్చినా పిల్లలను ఎక్కడ ఆడించాలి?

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా మిడ్‌ఫీల్డరే. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు భారత జట్టులో వెళ్లాడు. కోచ్ తండ్రే. హంగేరీ, ఫ్రాన్స్, పెరూ, మూడు మ్యాచులు జరిగాయి. సంఘాల కుర్చీలు తండ్రి నుంచి కొడుకుకు, బావ నుంచి బావమరిదికి నడిచే మన దేశంలో రహీం తన కొడుకును ఆ మూడింటిలో ఒక్క నిమిషం కూడా ఆడించలేదు. హకీం తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యాడు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు. 2021లో చనిపోయాడు.