మహబూబు అలీ పాదుషా - పులివేట, టంకశాల

మన పాఠశాలలో పాతనాణెములను కూర్చు బాలురు కొందఱు గలరు. వారి డబ్బాలలో ఖడ్గమృగము ముద్రింపబడిన పావలా తఱచుగ కానవచ్చును. 1988 మొదలు 2002 వఱకు ముద్రితమైన ఆ పావలా 2011 జూను 30 తరువాత చెల్లుబాటు కాకపోయెను. సంవత్సరాంకము క్రింద చిన్న నక్షత్రమున్నచో అది మన హైదరాబాదు టంకశాలలో పుట్టినదని గుర్తింపవలెను. ఆ టంకశాలలో యంత్రముల వాడుక నెలకొన్నది ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను కాలమున. పులివేటలో దేశమంతట పేరుపొందిన ప్రభువు నాయనయే. కావున ఆయన చరిత్రమును మన బాలురకు దెలుపుట యుచితమని తోచినది.

మహబూబు అలీఖాను 1866 ఆగస్టులో జన్మించెను. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా మరణింపగా, మాటలైన సరిగా రాని మూడేండ్లలోపు శిశువు సింహాసన మెక్కెను. రాజ్యభారమును మొదటి సాలార్ జంగును, షంసుల్ ఉమ్రాయును వహించిరి. ఆంగ్ల గురువులును, మౌల్వీలును చదువు చెప్పిరి. 1884 ఫిబ్రవరి 5వ తేదీన వైస్రాయి రిప్పను ప్రభువు స్వయముగ విచ్చేసి ఆయనకు పూర్ణాధికారము నొసగెను. పాతబస్తీలోని పురానీ హవేలీ ఆయన నివాసము. అచ్చటి పొడవైన దుస్తుల బీరువాను మనలో ననేకులు చూచియే యుందురు.

పరిపాలనకంటె ఆయనను లోకమెఱిగినది వేటవలన. ఓరుగల్లు ప్రాంతపు టడవులలో గుడారములు వేయించి, పరివారముతో దినములకొలది విడిసియుండెడివాడు. పల్లెవారు డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు పొదలలోని పులిని తఱుముకొని వచ్చెడివారు. మంచెమీదనో, ఏనుగుమీదనో కూర్చున్నవారు గుఱిచూచి కాల్చెడివారు. ప్రాణాపాయ మెక్కువగ నెవరిదో చెప్పనక్కఱలేదు. నిజాము చంపిన పులులు ముప్పదికి తక్కువ కావని ప్రసిద్ధి. అందుచేతనే ఆయనకు తీస్ మార్ ఖానను పేరు వచ్చెనందురు. ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు ఆ వేటల చిత్రములను తీసెను. 1902లో కర్జను ప్రభువు మన రాజ్యమున వేటాడినప్పుడును అట్టి చిత్రము లేర్పడెను.

అట్టి చిత్రము నొకదానిని నేను తరగతిలో చూపగా, ఒక బాలుడు లేచి, ఇన్ని పులులను చంపినవానిని మంచి ప్రభువని ఎట్లందుమని యడిగెను. నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆ దినములలో పులి పశువులను చంపెడిది, మనుష్యులను చంపెడిది. దానిని చంపినవాడు పల్లెకు రక్షకుడు. అది నిజమే. కాని వినోదార్థమై, లెక్క పెంచుకొనుటకై చంపుట వేఱు. రెండును ఆ వేటలలో కలిసియే యుండెను. దేవుడు సృజించిన జీవములను మనకప్పగించెనని బోధించు మేము ఈ సంగతిని దాచరాదు.

అయితే ఆ బాలునికి 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని గూర్చియు చెప్పితిని. ఆ దినమున మూసీనది పొంగి వంతెనలను, వీథులను ముంచివేసెను. వేలకొలది జనులు నశించిరి. నిజాము తన భవనముల ద్వారములను తెఱపించి, ఇండ్లు పోయినవారికి ఆశ్రయ మిచ్చెను. హిందూ పండితుల మాటవిని, స్వయముగ నదియొడ్డున కేగి పసుపుకుంకుమలతో మూసీని శాంతింపజేసెనని పాతబస్తీ వృద్ధులు చెప్పుకొందురు. మరుసటి యేడు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, నదికి ఎగువ జలాశయములు కట్టు యోచన చేయించెను. పాముకాటు తిన్నవారు ఆయన పేరు తలచినచో విషము దిగునని నమ్మిన జనులు, అర్ధరాత్రియైనను ఆయన ద్వారమునకు వచ్చెడివారట. విషము దిగుటమాట వైద్యులు నమ్మరు, నేనును నమ్మను. కాని బీదవాడు రాజద్వారమును తట్టుటకు జంకని కాల మొకటి యుండెననుట గమనింపదగినది.

ఇక నాణెముల సంగతి. 1803లో సుల్తాన్ షాహీలో నెలకొన్న టంకశాలలో సుత్తెలతో కొట్టి నాణెములు చేసెడివారు. మహబూబు కాలమున యంత్రములు వచ్చెను. 1903లో టంకశాల సైఫాబాదునకు తరలెను. అప్పుడు వెలువడిన రూపాయిపై చార్మినారు బొమ్మ. దాని ద్వారములో ఆయన పేరి మొదటి యక్షరమైన మీము. అన్ని పులులను వేటాడిన ప్రభువు నాణెముమీద పులి లేదు. బ్రిటిషువారు 1946, 1947 సంవత్సరములలో వేసిన నికెలు నాణెములపై పులిని నిలిపిరి. అది బలమునకు చిహ్నము. 1972 గణనలో దేశమంతట సుమారు 1,827 పులులు మాత్రమే మిగిలినవని తేలెను. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక మొదలయ్యెను. దాని కేబదియేండ్లు నిండినప్పుడు, 2023 ఏప్రిలులో, భారత ప్రభుత్వము స్మారకనాణెము వెలువరించెను. అప్పటి లెక్క కనీసము 3,167. మన తెలంగాణమున అమ్రాబాదు, కవ్వాల్ అడవులు పులులకై ప్రత్యేకింపబడినవి. టంకశాలయు 1950లో భారత ప్రభుత్వపరమై, 1997లో చర్లపల్లికి చేరెను.

మహబూబు అలీ పాదుషా 1911 ఆగస్టు 29వ తేదీన ఫలక్‌నుమా ప్రాసాదమున మరణించెను. అప్పటికాయన వయస్సు నలువదియైదేండ్లు. మక్కామసీదు ఆవరణలో ఆసఫ్‌జాహీ ప్రభువుల సమాధుల నడుమ ఆయన సమాధి యున్నది. అచ్చటినుండి వెలుపలికి రాగానే, ఆయన రూపాయిపైనున్న చార్మినారు కొలది యడుగుల దూరములో నిలిచియుండును.