పొయ్యి ఆరనివ్వని సీతమ్మ గారు

మిట్టమధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇద్దరు చుట్టాలు దిగితేనే మనకి కంగారు. మొహాన నవ్వు పులుముకుని, మనసులో బియ్యం లెక్క వేసుకుంటాం. అలాంటిది ముక్కూమొహం తెలియని బాటసారులకి, వేళాపాళా లేకుండా, బతికినన్నాళ్ళూ వండి వడ్డించిన ఇల్లాలు ఒకావిడ ఉండేది. ఆవిడే డొక్కా సీతమ్మ గారు.

ఆవిడది కోనసీమ. మా గుమ్మలక్ష్మీపురానికి చాలా దూరం. మాకు ఆవిడ పేరు దగ్గరయింది బడి అన్నం వల్లనే. బళ్ళలో మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2024లో ఆ పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. కొండల మీది గూడేల నుంచి బడికొచ్చే సవర, జాతాపు పిల్లలు ఇప్పుడు ఆవిడ పేరు మీదే అన్నం తింటున్నారు. పేరు తెలిస్తే చాలదు, మనిషెవరో కూడా తెలియాలి కదా!

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. పదిమందికీ పిలిచి పెట్టే గుణం వల్ల ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి నరసమ్మ గారు త్వరగా కన్నుమూయడంతో వంటిల్లు చిన్నపిల్ల చేతిలో పడింది. లంకల గన్నవరం నుంచి డొక్కా జోగన్న గారనే రైతు ఒకసారి దారిలో వాళ్ళింట భోజనానికి ఆగారనీ, ఆ పిల్ల ఆదరణ చూసి ముచ్చటపడి పెళ్ళాడారనీ చెబుతారు.

గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. అప్పట్లో ఏరు దాటాలంటే పడవే గతి. వరదొస్తే అదీ ఉండదు. ఎండలో నడిచొచ్చి రేవులో దిగినవాళ్ళకి, చేతిలో డబ్బున్నా సరే, అన్నం దొరికే చోటు ఉండేది కాదు. చంటిపిల్లల తల్లుల అవస్థ చెప్పనే అక్కర్లేదు. అలాంటి దారిలో సీతమ్మ గారి ఇల్లు ఉంది. ఒకరికొకరు చెప్పుకుని జనం ఆ గుమ్మానికే వచ్చేవారు. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆవిడ లేచి పొయ్యి రాజేసేదట.

ఆచారాలు గట్టిగా పాటించే ఇంటి కోడలు ఆవిడ. అయినా ఆకలి దగ్గర కులం అడగలేదు. ఓ వరద రాత్రి లంకలో చిక్కుకున్న మనిషి ఆకలని కేకలు వేస్తే, భార్యాభర్తలిద్దరూ పడవలో అన్నం తీసుకెళ్ళారనీ, అతన్ని లోకం అంటరానివాడని దూరం పెట్టిందనీ ఆ ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోతుంటే జోగన్న గారు కలవరపడ్డారట. ఆవిడ మాత్రం పొయ్యి ఆర్పడానికి ఒప్పుకోలేదు. మెత్తని మనిషే గానీ, పట్టుదల అంత గట్టిది!

అంతటి భక్తురాలికి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరిక. ఎలాగో వీలు చేసుకుని బయలుదేరింది. దారిలో ఓ పెళ్ళివారి గుంపు కలిసింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, కాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మ గారింట అన్నం తినొచ్చని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ యాత్ర మానుకుని వెనక్కి తిరిగింది. వాళ్ళు వచ్చేసరికి వంట సిద్ధం చేసిందని చెబుతారు. దేవుడి మీద భక్తి తగ్గి కాదు. ఆ పిల్లల ఆకలిలోనే ఆవిడకి స్వామి కనిపించాడేమో!

1903లో ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి రమ్మని పిలుపొస్తే ఆవిడ వెళ్ళలేదట. తను కదిలితే ఇక్కడ వచ్చినవాళ్ళకి ఎవరు వడ్డిస్తారన్నదే ఆవిడ దిగులు. చివరికి ఫొటో తీయించి పంపారని చెబుతారు. 1909లో ఆవిడ కన్నుమూసింది. గన్నవరం దగ్గర 2000లో అందుబాటులోకి వచ్చిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఒకప్పుడు ఏరు దాటలేక ఆగిపోయినవాళ్ళకి అన్నం పెట్టిన తల్లి పేరు అక్కడ ఉండటం ఎంత సబబు!

నాకొక సంగతి మాత్రం మనసులో మెదులుతూ ఉంటుంది. అన్నపూర్ణ అని పొగిడి ఆడదాన్ని పొయ్యి దగ్గరే ఉంచేయడం మనకి బాగా అలవాటు. సీతమ్మ గారు ఎవరో కూర్చోబెడితే కూర్చున్న మనిషి కాదు. చక్రవర్తి పిలుపుని కాదన్నా, యాత్ర మధ్యలో వెనుదిరిగినా, ఆ నిర్ణయం ఆవిడదే. ఆవిడలో నాకు నచ్చేది కూడా ఆ ధీమాయే.

పెట్టే గుణం మా కొండలకి కొత్త కాదు. ఉన్నది చోడి అంబలే అయినా వచ్చినవాళ్ళకి ఇంత పోయందే పంపరు. ఇక బళ్ళలో పేరు సీతమ్మ గారిదే అయినా, పొగలో కళ్ళు నులుముకుంటూ వందల చేతులకి అన్నం అందించేది మన పక్కింటి ఆడవాళ్ళే. మీ పిల్లల బడిలో వండే అమ్మ పేరేమిటో మీకు తెలుసా? తెలియకపోతే రేపే అడగండి. కష్టసుఖాలు కనుక్కోండి. ఏ బిరుదూ లేని సీతమ్మలు వాళ్ళు!