హెన్రీ ఫోర్డు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున డియర్‌బరన్ సమీపమందలి యొక పల్లెలో 1863 జూలై 30వ తేదీన హెన్రీ ఫోర్డు జన్మించెను. తండ్రి కర్షకుడు. బాలునకు పొలముపనికంటె యంత్రములపై మక్కువ మెండు. పదునారవ యేట ఇల్లు విడిచి డెట్రాయిటు నగరమునకేగి పని నేర్చెను. 1908లో అతడు వెలువరించిన ‘మోడల్ టి’ కారు కీర్తిని లోకమెరుగును. అతని సోయాచిక్కుడు కథ మాత్రము పలువు రెరుగరు.

1929 పిదప ఆర్థికమాంద్యముచే ధరలు పడిపోయి అమెరికా రైతులు అప్పులపాలైరి. పల్లెను విడిచి వచ్చినను ఫోర్డు పల్లెను మరువలేదు. పంట తినుటకే కాక కర్మాగారమునకును ముడిసరకైనచో రైతు బ్రదుకునని తలంచి యొక రసాయనశాలను నెలకొల్పెను. రాబర్టు బోయరు అను యువకుడు దానికి నాయకుడు. వారు పెక్కు పంటలను పరీక్షించి తుదకు సోయాచిక్కుడును ఎన్నుకొనిరి.

మన చిత్తూరు సీమలో వేరుసెనగనుండి నూనె తీసినపిదప మిగిలిన పిండిని పశువులకు పెట్టుట మీరు చూచియుందురు. ఆ పిండిలో మాంసకృత్తులు మిక్కుటము. సోయాపిండియు అట్టిదే. మాంసకృత్తుల అణువులు పొడవైన గొలుసులవంటివి; ఫార్మాల్డిహైడు చేర్చినచో గొలుసునకు గొలుసు ముడివడి పదార్థము గట్టిపడును. బోయరు బృందము ఆ పిండికి ఫినాలును కూడ కలిపి, అచ్చులలో వేడిచేసి అదిమి, హారను బొత్తాములను, గేరుకడ్డీ పిడులను చేసెను. తడిని పీల్చుకొనుట ఈ ప్లాస్టిక్కునకు గల పెద్దలోపము.

1940లో ఫోర్డు కారు వెనుకమూతను అట్టి ప్లాస్టిక్కుతో చేయించి, పత్రికలవారి యెదుట గొడ్డలితో కొట్టి చూపెను. మూత సొట్టపడలేదు. అప్పటికతనికి 77 ఏండ్లు! 1941 ఆగస్టులో, ఉక్కుగొట్టముల చట్రమునకు 14 ప్లాస్టిక్కు పలకలు బిగించిన కారును డియర్‌బరన్ ఉత్సవమున ప్రదర్శించెను. అది ఉక్కుకారుకంటె సుమారు 1000 పౌనులు తేలిక. కాని కొలదినెలలకే అమెరికా యుద్ధమున ప్రవేశించెను. 1942లో సామాన్యప్రజల కార్ల తయారీయే ఆగిపోయెను. యుద్ధానంతరము చమురునుండి చేయు చౌక ప్లాస్టిక్కులు విపణి నాక్రమించెను. ఆ సోయాకారు నేడు లేదు.

ఫోర్డు నిర్దోషి కాడు. యూదులపై ద్వేషపూరితములైన వ్రాతలను తన పత్రికలో ప్రకటించి, 1927లో క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను.

ఫినాలు కలిసినందున అతని ప్లాస్టిక్కు మట్టిలో పూర్తిగా జీర్ణము కాదు. ఇప్పటి శాస్త్రజ్ఞులు సోయా మాంసకృత్తులకు గ్లిసరిను కలిపి, నేలలోని సూక్ష్మజీవులు తినివేయగల పలుచని పొరలను చేయుచున్నారు. 2021లో తిరుమలకొండపై అమ్మకమునకు వచ్చిన మొక్కజొన్నపిండి సంచులు వీనికి జ్ఞాతులు.

1947 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు డియర్‌బరన్‌లోని స్వగృహమున మరణించెను. నది వరదచే విద్యుత్తు నిలిచిపోవుటచే ఆ రాత్రి యింట నూనెదీపములు, క్రొవ్వొత్తులు మాత్రమే వెలుగుచుండెను.