తరగతులు దాటిన దుర్గాబాయి

దుర్గాబాయమ్మ పేరు చెబితే మా గోదావరి జిల్లాల వాళ్ళకి ముందు గుర్తొచ్చేది కాకినాడ కాంగ్రెస్ మహాసభే. 1923లో అక్కడి ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ అంతటివాణ్ణి ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఎన్నిసార్లు చెప్పుకున్నా ముచ్చటే. నాకు మాత్రం ఈమధ్య ఆవిడ కథలో వేరే సంగతి పట్టుకుంది. బడి మధ్యలో మానేసిన పిల్ల మెట్రిక్ ఎలా పాసయింది, నడుమ తరగతులన్నీ ఏమైపోయాయి అని.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దని చెప్పేస్తే, పుట్టింటివాళ్ళు అండగా నిలబడ్డారు. అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదండీ. ఇంగ్లీషు చదువు మీద నిరసనతో పన్నెండేళ్ళకే బడి మానేసి, తను నేర్చుకున్న హిందీని ఆడవాళ్ళకి నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలకీ, ముస్లిం స్త్రీలకీ ఆయన మాటలు వినిపించాలని పట్టుబట్టింది. 5 వేల రూపాయలు పోగుచేస్తే చూద్దామన్నారు పెద్దలు. పోగుచేసి చూపించింది. ఆయన హిందీలో మాట్లాడుతుంటే తెలుగులో చెప్పింది కూడా తనే.

ఇలాంటి పిల్ల ఇప్పుడు మన ఇంట్లో ఉంటే ఏం చేస్తాం? రెండేసి తరగతులు దూకించెయ్యమంటాం. మా చిన్నమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. ఐదు మాన్పించి ఏకంగా ఆరులో కూర్చోబెడతామని బడి నుంచి కబురొచ్చింది. మా మామయ్యగారి రోజుల్లో దీన్ని డబుల్ ప్రమోషన్ అనేవారట, ఆయన ఊరంతా చెప్పుకొచ్చారు. ఒక ఏడాది ఫీజు మిగులుతుందని మావారు లెక్కేశారు, నవ్వులాటకే అనుకోండి. పిల్లకి పాఠాలు రావేమోనన్న భయం నాకు లేదు. పక్కన కూర్చునేది ఎవరు, మధ్యాహ్నం ఎవరితో కలిసి క్యారేజీ విప్పుకుంటుంది అన్నదే బెంగ. ఆ బెంగతోనే దుర్గాబాయి జీవితాన్ని మళ్ళీ మొదట్నుంచీ చూసుకున్నాను.

ఉప్పు సత్యాగ్రహంలో దిగాక 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకెళ్ళింది. మదురై జైల్లో ఏకాంత ఖైదు అనుభవించింది. నేరం ఏమిటో, చట్టం ఏం చెబుతుందో తెలియకుండా శిక్షలు పడ్డ ఆడవాళ్ళని అక్కడ చూసింది. లాయరు కావాలన్న కోరిక అక్కడ పుట్టింది. ఏం లాభం, చేతిలో మెట్రిక్ కూడా లేదు! పాతికేళ్ళ ఆడమనిషి ఏ తరగతిలో కూర్చుంటుంది చెప్పండి. ఇంట్లోనే పట్టుబట్టి చదివి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయింది, ఆ తర్వాత ఇంటర్మీడియెట్. అలా దాటేసింది తరగతులు. అయితే నేను గమనించింది ఒకటుంది. తరగతులు దాటింది గాని పాఠాలు దాటెయ్యలేదు. వదిలేసినదంతా కూర్చుని పూర్తిచేసింది. పైగా ఆ తొందర తనది, వెనకనించి తోసినవాళ్ళు లేరు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడపిల్లలకి హాస్టలు లేదన్నారు. మరొకరైతే వెనక్కి తిరిగొచ్చేవారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే ఆడపిల్లల్ని పోగేసి, తనే హాస్టలు పెట్టింది. చదువులో ముందుకి దూకే మనిషి తోడు వెతుక్కోవడం నాకెంతో నచ్చింది. రాజనీతి శాస్త్రంలో ఆనర్స్, 1942లో మద్రాసులో లా. తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1975లో పద్మవిభూషణ్, ఇవన్నీ మీకు తెలిసినవే. 1981 మే 9న కన్నుమూసింది.

తెలియాల్సింది ఇంకోటుంది. 1937లో మద్రాసులో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలో, బడి తప్పిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యాక ఆ పద్ధతినే దేశానికంతటికీ ఇచ్చింది. 1958లో వచ్చిన కండెన్స్‌డ్ కోర్సులు అవే. ఎన్నో ఏళ్ళ చదువు రెండేళ్ళలో. మా చిన్నమ్మమ్మ ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఆ కోర్సులోనే మెట్రిక్ పాసై, టీచరుగా రిటైరయింది. ఏడెనిమిది తరగతుల ముఖం చూడకుండా పైకి వెళ్ళినా ఆవిడకి కుదిరింది, ఎందుకంటే అందరూ అలాంటివాళ్ళే ఒక గదిలో కూర్చున్నారు, తప్పిపోయిన పాఠం దగ్గర్నుంచే మొదలెట్టారు.

మొన్న బడికెళ్ళి నా మాట చెప్పాను. వేసవిలో ఐదో తరగతి లెక్కలూ, సైన్సూ, సోషలూ ఇంట్లో పూర్తిగా చెప్పిస్తాను, జూన్‌లో ఒక నెల ఆరో తరగతిలో కూర్చోనివ్వండి, ఆ తర్వాత ఏ గదిలో ఉంటానో పిల్లే చెబుతుంది అన్నాను. హెడ్మాస్టరుగారు ఆలోచించి చెబుతామన్నారు. మామయ్యగారికి ఇంకా కోపం పోలేదు. పిల్ల మాత్రం ఆరో తరగతి వాళ్ళు మధ్యాహ్నం ఏం ఆట ఆడతారో కనుక్కుని రమ్మని వాళ్ళ అక్కని పంపించింది.