పైనుంచి సూసుడు సారాభాయ్ షురూ చేసిండు.. కింద నిలవడి సూసుడు మన పని

చెట్టుకు రోగమొస్తె ముందుగాల ఎవలికి ఎరుకైతది? రైతుకే అంటం. నిజమే గని, ఆకు పసుపువచ్చగ అయినంకనే ఆయన కండ్లకు కనవడ్తది. అప్పటికే రోగం లోపల ముదిరి ఉంటది. ఆకు ఇంకా పచ్చగున్నప్పుడే లోపలి సంగతి చెప్పే ఉపాయం ఒకటున్నది. మన దేశంల ఆ ఉపాయానికి బాట ఏసిన పెద్దమనిషి విక్రమ్ సారాభాయ్. ఆయన పేరు చెప్తె అందరికి రాకెట్ యాదికొస్తది. నాకైతె కొబ్బరిచెట్టు యాదికొస్తది. ఎందుకో చెప్త.

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌ల పుట్టిండు. నాయిన అంబాలాల్ బట్టల మిల్లుల యజమాని. పైసలకు కొదువ లేని ఇల్లు. కేంబ్రిడ్జిల సదువుకుంటుంటె రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. వాపస్ వచ్చి బెంగుళూరుల సి.వి.రామన్ దగ్గర కాస్మిక్ కిరణాల మీద పనిచేసిండు. 1942ల నాట్యకారిణి మృణాళినిని పెండ్లి చేసుకున్నడు. యుద్ధం అయినంక మళ్ల కేంబ్రిడ్జి పోయి 1947ల పీహెచ్‌డీ పూర్తి చేసిండు. అదే యేడు అహ్మదాబాద్‌ల ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ పెట్టిండు. అప్పటికి ఆయనకు 28 ఏండ్లు.

1962ల దేశానికి అంతరిక్ష పరిశోధన కమిటీ ఏర్పడ్డది. దాని పెద్ద ఆయననే. 1963 నవంబర్ 21న కేరళల తుంబ నుంచి మొదటి రాకెట్ లేసింది. అంతకుముందు ఆ జాగల చేపలు పట్టి బతికేటోళ్ల ఊరుండె, ఒక చర్చి ఉండె. ఊరోళ్లు జాగ ఇడిసి పోయిండ్రు, చర్చి ఆఫీసయింది. సైకిల్ మీద రాకెట్ ముక్క పెట్టుకొని పోయే ఫొటోను అందరు మురిసి సూపిస్తరు గని, ఇల్లు ఇడిసిపోయినోళ్ల ముచ్చట ఒక్క మాటల దాటేస్తరు. మన అంతరిక్షం ముందుగాల పల్లెకే బాకీ పడ్డదని నేననుకుంట.

ఆ బాకీ తీర్చే ఆలోచన సారాభాయ్‌ల ఉండె. తిండికే తిప్పలున్న దేశానికి రాకెట్లెందుకని అడిగినోళ్లు అప్పుడు మస్తుమంది. చంద్రుని మీద అడుగువెట్టెతందుకు పెద్దదేశాలతోటి పోటీ పడుడు ఆయన లెక్క కాదు. వాన కబురు, ఊరికి టీవీ పాఠం, పంట లెక్క.. గివి మనిషి బతుకుకు పనికి రావాలె, గదే ఆయన లెక్క. 1969 ఆగస్టు 15న ఇస్రో పుట్టింది.

ఇగ కొబ్బరిచెట్టు ముచ్చటకొస్త. కేరళల కొబ్బరితోటలను వేర్లు వడలిపోయే తెగులు ఒకటి తినుకుంట పోతుండె. సారాభాయ్ పెద్దగున్న ఆ కాలంలనే, 1970 ప్రాంతంల, పిషారటి అనే శాస్త్రవేత్త ముందట వడి ఒక ప్రయోగం చేసిండు. అప్పటికి మనకు సొంత ఉపగ్రహం లేదు. హెలికాప్టర్ల కెమెరా పెట్టి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతోటి తోటల ఫొటోలు తీసిండ్రు.

దాని కిటుకు అలకటిదే. ఆరోగ్యంగున్న ఆకు మన కంటికి కనవడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును మస్తుగ వాపస్ కొడ్తది. రోగమున్న ఆకు అంతగ కొట్టదు. అందుకే ఆ ఫిల్ముల మంచి చెట్టు ఎర్రగ మెరుస్తది, జబ్బు చెట్టు కళ తప్పుతది. మన దేశంల రిమోట్ సెన్సింగ్‌కు తొలి అడుగు ఇదే అంటరు. ఒక్కటి గమనించుండ్రి. ఆ ప్రయోగం మొదలైంది రైతు తిప్పల కాడ. అది తెలుసుకునెతందుకే కెమెరా పైకి పోయింది.

1971 డిసెంబర్ 30 రాత్రి కోవళంల సారాభాయ్ కన్నుమూసిండు. 52 ఏండ్లే. భూమిని ఫొటోలు తీసే అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహం లేసింది 1972 జులైల. మన హైదరాబాద్‌ల రిమోట్ సెన్సింగ్ సంస్థ షురువైంది 1974ల. ఇయ్యాల బాలానగర్‌ల ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ గదే. షాద్‌నగర్ కాడ దాని పెద్ద గొడుగులు ఉపగ్రహాల బొమ్మలు అందుకుంటయి. మన సొంత ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం 1988 మార్చి 17న పైకి పోయింది. గివేవీ ఆయన సూడలె.

కొబ్బరాకు కాడ పనిచేసిన కిటుకే ఇయ్యాల అడవికి, చెరువుకు, చేనుకు పనిచేస్తున్నది. ఎరుపు వెలుతురు ఎంత, ఇన్‌ఫ్రారెడ్ ఎంత వాపస్ వచ్చిందో లెక్కగట్టి ఎన్‌డీవీఐ అనే అంకె తీస్తరు. అది ఒకటికి దగ్గరైతె దట్టమైన పచ్చదనం, సున్నా కాడ ఉంటె బోడి నేల, నీళ్లయితె సున్నా కన్న కిందికి పోతది. యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి, 10 మీటర్ల గడి లెక్కన బొమ్మ ఇస్తయి, ఫుకట్‌గ. లాండ్‌శాట్ పాత బొమ్మలు గూడ 2008 నుంచి ఫుకట్‌నే. ఇస్రో భువన్ 2009 నుంచి ఉన్నది. అంటె మీ నాయిన పోరడుగ ఉన్నప్పుడు మీ ఊరి చెరువు ఎంత పారకం ఉండెనో, ఇప్పుడెంత ఉన్నదో ఫోన్ల సూడొచ్చు.

గని గిక్కడ్నే ఒక మోసమున్నది, అందుకే ఇది రాస్తున్న. పచ్చగ కనవడ్డదంతా ఆరోగ్యం కాదు. చెరువునిండ గుర్రపుడెక్క పేరుకపోతె బొమ్మల పచ్చగ నవ్వుతది, కింద చేప సస్తది. శికం భూమిల సర్కారు తుమ్మ అల్లుకుంటె అది గూడ పచ్చనే. రెండేండ్లకోసారి వచ్చే దేశపు అడవుల లెక్కల, హెక్టారు జాగల 10 శాతం చెట్ల నీడ ఉంటె దాన్ని అడవి కప్పుల కలుపుతరు. ఆ జాగ ఎవలిది, చెట్టు ఏ జాతి అన్నది అడగరు. ఒకకాడ ఇప్ప, తునికి ఉన్న పాత అడవి పోయి ఇంకోకాడ నీలగిరి తోట లేస్తె అంకె అట్లనే నిలవడ్తది. జింకకు, తునికాకు ఏరే ఆడామెకు మాత్రం అట్లనే ఉండది.

పైనున్న కెమెరాకు రంగు తెలుస్తది, చెట్టు పేరు చెప్పాలంటె మనిషి పోవాలె. దీన్నే నేల మీద సరిసూసుకునుడు అంటరు. ఆ పని ఢిల్లీల కూసున్నోళ్ల కన్న ఊర్లె తిరిగే పిల్లలకే బాగ అలవడ్తది. గుర్రపుడెక్కకు, వరిచేనుకు తేడా మీకు ఎవరు నేర్పాలె?

జర గిట్ల చెయ్యుండ్రి. ఎండకాలం ఒకటి, వానలు వెనకవట్టినంక ఒకటి, చెరువు బొమ్మలు తారీఖుతోని దాచుండ్రి. మొగులు వట్టిన నాటి బొమ్మ పక్కనపెట్టుండ్రి, మామూలు కెమెరా మబ్బు దాటి సూడది. అలుగు, తూము, కట్ట కాడ నిలవడి ఫోన్ల జీపీఎస్ గుర్తులు పెట్టి ఫొటో తియ్యుండ్రి. నీళ్లు ఎక్కడిదాక వచ్చేటియో ముసలోళ్లను అడిగి, ఆ జాగనూ గుర్తుపెట్టుండ్రి. మూడేండ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి గ్రామసభల సూపెడితె, శికంల మట్టి పోసి ప్లాట్లు కొట్టేటోడు బుకాయించుడు అంత అలక కాదు.

తెలంగాణల 46 వేలకు పైగ చెరువులున్నయి. ప్రతి చెరువు మీదినుంచి ఉపగ్రహం పోతనే ఉన్నది. తీసిన బొమ్మ ఎవరు సూస్తున్నరన్నదే సవాలు. భూములు కొనేటోళ్లు సూస్తనే ఉన్నరు. సారాభాయ్ ఆ కన్ను రియల్ ఎస్టేటోళ్ల కోసం కోరుకోలె. మనం సూడకపోతె అది వాళ్లదే అయితది.